18 ఏళ్లు నిండిన మా అమ్మాయికి చట్టబద్ధ సంరక్షకత్వం: మా కుటుంబ అనుభవం

మా అమ్మాయికి 18 ఏళ్లు నిండిన మూడో వారంలో, వాళ్ల తాతగారు ఆమె పేరున వేసిన ఫిక్సెడ్ డిపాజిట్ గడువు తీరింది. దాన్ని మళ్లీ వేయించడానికి నేను బ్యాంకుకు వెళ్లినప్పుడు, ఇన్నేళ్లూ నా సంతకంతో నడిచిన ఖాతాకు ఇక ఆ సంతకం చెల్లదని, ఖాతాదారు మేజర్ అయినందున ఆమే వచ్చి సంతకం చేయాలని చెప్పారు. మా అమ్మాయికి డౌన్ సిండ్రోమ్ ఉందని, దానితోపాటు మధ్యస్థాయి మేధో వైకల్యం ఉందని, అంకెలు గుర్తుపట్టగలదు గానీ వడ్డీ అంటే ఏమిటో, గడువు అంటే ఏమిటో ఆమెకు తెలియదని వివరించాను. ఆ అధికారి ఓపిగ్గానే విన్నారు. విన్న తరువాత, అలాగైతే మీరు సంరక్షకులని కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకోండి అన్నారు.

నేను ఆమె కన్నతల్లిని. పుట్టిన వారంలోనే గుండె పరీక్షకు తీసుకెళ్లింది మొదలు ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, స్పెషల్ స్కూల్, ఏటా థైరాయిడ్ పరీక్ష వరకు ప్రతి కాగితం మీదా సంరక్షకురాలు అన్నచోట నా పేరే ఉంది. ఆ పేరుకు చట్టం ఇచ్చిన గడువు ఒకటుందని, అది ఆ నెలలోనే ముగిసిందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం మన దేశంలో 18 ఏళ్లు నిండిన ప్రతి వ్యక్తీ మేజరే. హిందూ కుటుంబాల్లో తల్లిదండ్రులను సహజ సంరక్షకులుగా గుర్తించే 1956 నాటి చట్టం మైనర్ల వరకే వర్తిస్తుంది. బిడ్డకు వైకల్యం ఉన్నంత మాత్రాన ఆ సంరక్షకత్వం దానంతటదే పొడిగించబడదు. ఈ ఒక్క వాక్యం అమ్మాయికి 15 ఏళ్లున్నప్పుడే మాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదని ఆ తరువాత చాలాసార్లు అనుకున్నాను. ఇది రాయడానికి మొదటి కారణం కూడా అదే.

అక్కడి నుంచి దాదాపు రెండు నెలలు తప్పుదారిలో పోయాయి. తెలిసిన న్యాయవాది ఒకరు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో పిటిషన్ వేద్దామన్నారు. కాగితాలు సిద్ధం చేస్తుండగా, ఆ చట్టం మైనర్ల సంరక్షణకు ఉద్దేశించినదని, మేజర్ అయిన వ్యక్తికి దాని కింద సంరక్షకులను నియమించరని తేలింది. తరువాత ఇంకొకరు మానసిక ఆరోగ్య చట్టం చూడమన్నారు. 2017 నాటి ఆ చట్టంలో మానసిక అనారోగ్యం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం నుంచి మేధో వైకల్యాన్ని స్పష్టంగా మినహాయించారు. నిజానికి ఆ రెండూ వేర్వేరు విషయాలని, ఒకటి జబ్బు, రెండోది జబ్బు కాదని పద్దెనిమిదేళ్లుగా బంధువులకు చెబుతూ వచ్చిన నేనే, ఒక సంతకం కోసం ఆ చట్టంలో దారి వెతకవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

చివరకు దారి చూపింది మా అమ్మాయి చదివిన స్పెషల్ స్కూల్ ప్రధానోపాధ్యాయురాలు. కోర్టుకు వెళ్లనక్కరలేదని, నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ కార్యాలయంలోనే ఈ పని జరుగుతుందని ఆమె చెప్పారు. నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థను ఏర్పాటు చేస్తూ 1999లో పార్లమెంటు చేసిన ఈ చట్టం నాలుగు రకాల వైకల్యాలకు వర్తిస్తుంది: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు మేధో వైకల్యం కింద దీని పరిధిలోకి వస్తారు. ఈ చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఏర్పడే స్థానిక స్థాయి కమిటీని అందరూ లోకల్ లెవెల్ కమిటీ అనే పిలుస్తారు. అందులో ముగ్గురు ఉంటారు. జిల్లా కలెక్టర్ హోదాకు తగ్గని అధికారి ఒకరు, నేషనల్ ట్రస్ట్‌లో నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు. ఆ మూడో సభ్యుడి ఉనికి నాకు చాలా విలువైనదిగా అనిపించింది. మా అమ్మాయి జీవితం గురించి నిర్ణయం జరిగే బల్ల దగ్గర, వైకల్యంతో జీవించడం అంటే ఏమిటో తన అనుభవంలో తెలిసిన మనిషి ఒకరు కూర్చుని ఉంటారన్నమాట.

14వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులు గానీ బంధువులు గానీ తమకు నచ్చిన వ్యక్తిని సంరక్షకులుగా నియమించమని ఈ కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే దరఖాస్తు వచ్చింది కదా అని కమిటీ నియమించేయకూడదు. ఆ వ్యక్తికి సంరక్షకులు అసలు అవసరమా, అవసరమైతే ఏయే పనులకు అవసరం అన్న రెండు ప్రశ్నలను అది పరిశీలించాలి. నియమించేటప్పుడు సంరక్షకులు నెరవేర్చవలసిన బాధ్యతలను కూడా చెప్పాలి. నేను ఆ సెక్షన్‌ను మొదటిసారి చదివినప్పుడు రెండో ప్రశ్నను పట్టించుకోలేదు. ఏయే పనులకు అని అడిగితే అన్ని పనులకూ అని రాద్దామనుకున్నాను. ఆమెకు మాత్రలు వేసేది నేను, తల దువ్వేది నేను, రోడ్డు దాటించేది నేను అయినప్పుడు, ఇక మినహాయింపు దేనికి అన్నది నా ఆలోచన.

ఆ ఆలోచనను మార్చింది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ఆమోదించింది. దానికి అనుగుణంగా వచ్చిన ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. ఆస్తి కలిగి ఉండటం, వారసత్వం పొందటం, డబ్బు వ్యవహారాలు నడుపుకోవటం వంటి విషయాల్లో వికలాంగులకు ఇతరులతో సమానమైన హక్కు ఉందని దాని 13వ సెక్షన్ చెబుతుంది. 14వ సెక్షన్ పరిమిత సంరక్షకత్వం అనే పద్ధతిని వివరిస్తుంది. సంరక్షకుడూ ఆ వ్యక్తీ పరస్పర నమ్మకంతో కలిసి నిర్ణయం తీసుకోవటం, అదీ ఒక నిర్దిష్ట నిర్ణయానికి, నిర్దిష్ట కాలానికి పరిమితం కావటం, ఆ వ్యక్తి ఇష్టానికి అనుగుణంగా నడవటం అన్నవి అందులోని ముఖ్య లక్షణాలు. ఆ పరిమిత సంరక్షకత్వాన్ని మంజూరు చేసేది జిల్లా కోర్టు గానీ, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి గానీ. మా అమ్మాయిలాంటి వారి విషయంలో నేషనల్ ట్రస్ట్ మార్గం కూడా అమలులో ఉన్నందున మేము దానినే ఎంచుకున్నాము. ఎంచుకున్నప్పటికీ, 2016 చట్టం అడిగిన, ఆమె ఇష్టం మాటేమిటన్న ప్రశ్నను మాత్రం వదులుకోలేకపోయాము.

ఆ ప్రశ్న మమ్మల్ని కొన్ని రాత్రులు నిద్రపోనివ్వలేదు. మా అమ్మాయికి ఇష్టాలు లేవా? పుష్కలంగా ఉన్నాయి. ఏ రంగు బట్ట వేసుకోవాలో ఆమే చెబుతుంది, వద్దన్నది తొడిగితే విప్పేస్తుంది. ఎవరి దగ్గర కూర్చోవాలో, ఎవరి దగ్గర కూర్చోకూడదో ఆమెకు బాగా తెలుసు, ఆ విషయంలో ఆమె అంచనా మా అంచనా కంటే సరైనదని రెండుసార్లు రుజువైంది కూడా. బడిలో కుట్టుపని ఇస్తే చేయలేదు, కాగితపు సంచులు అంటించే పని ఇస్తే గంటసేపు కదలకుండా చేసింది. ఇవన్నీ నిర్ణయాలే. ఆమె నిర్ణయించలేనివి కొన్ని ఉన్నాయన్న కారణంతో, నిర్ణయించగలిగినవి కూడా ఆమె చేతిలోంచి తీసుకోవడానికి ఒక ధ్రువపత్రాన్ని నేను వాడుకోబోతున్నానా అన్నది మా వారు అడిగిన ప్రశ్న. దానికి సమాధానంగా ఇద్దరం కూర్చుని ఒక కాగితం రాశాము. డిపాజిట్లు, ఆస్తి, పింఛను, శస్త్రచికిత్సకు అంగీకారం, ప్రభుత్వ కార్యాలయాల్లో దరఖాస్తులు అన్నవి సంరక్షకుల చేతిలో ఉండాలి. పగటిపూట ఎక్కడికి వెళ్లాలి, ఏ పని చేయాలి, ఎవరితో స్నేహం చేయాలి, తన గదిలో ఏమి ఉండాలి అన్నవి ఆమెవి. ఆ కాగితాన్ని దరఖాస్తుకు జతచేశాము. ఎవరూ అడగని కాగితం అది. మేము పెట్టిన కాగితాలన్నిటిలో నాకు ఎక్కువ ముఖ్యమైనది మాత్రం అదే.

దరఖాస్తుకు ముందు వైకల్య ధ్రువపత్రం సరిచూసుకోవలసి వచ్చింది. చిన్నతనంలో ఇచ్చిన ధ్రువపత్రం తాత్కాలికమైనది, మేజర్ అయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకోవాలని దాని మీదే రాసి ఉంది. తెలుగు రాష్ట్రాల్లో సదరం శిబిరాల ద్వారా ఈ పరీక్ష జరుగుతుంది, దేశమంతటా చెల్లే యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు కూడా ఈ పరీక్ష ఆధారంగానే వస్తుంది. మనస్తత్వ నిపుణులు ఆమెకు తెలివితేటల పరీక్ష పెట్టారు. తరువాత వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ ప్రకారం, ఆమె తనంతట తాను ఏమి చేసుకోగలదో నన్ను ఒక్కొక్కటిగా అడిగారు. తినటం, బట్టలు వేసుకోవటం, డబ్బు లెక్క, ఒంటరిగా బయటికి వెళ్లటం, ఇతరులతో మాట్లాడటం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి చోట చాలామంది తల్లిదండ్రులు రెండు రకాలుగా తప్పు చేస్తారు. కొందరు వైకల్య శాతం తగ్గుతుందేమోనన్న భయంతో బిడ్డకు ఏమీ రాదని చెబుతారు, మరికొందరు ఆమె ఎదుట ఆమెను తక్కువ చేయలేక, రానిది కూడా వచ్చని చెబుతారు. నేను రెండో రకం. స్నానం తనే చేస్తుందని చెప్పాను. వేడినీళ్లు ఎవరు కలుపుతారని వారు అడిగినప్పుడు, తలకు ఎవరు పోస్తారని అడిగినప్పుడు, నా జవాబు మార్చుకోవలసి వచ్చింది. మా అమ్మాయికి 75 శాతం అని శాశ్వత ధ్రువపత్రం ఇచ్చారు.

దరఖాస్తు ఫారంలో అడిగిన వివరాలు కష్టమైనవి కావు, కానీ వాటిని కూడబెట్టడానికి సమయం పట్టింది. మా ఇద్దరి గుర్తింపు పత్రాలు, నివాస ధ్రువీకరణ, ఆమె జనన ధ్రువపత్రం, వైకల్య ధ్రువపత్రం, ఫోటోలు, సాక్షుల సంతకాలు, ఆమె పేరున ఉన్న ఆస్తుల వివరాలు. మేజర్ అయిన మా అబ్బాయి, అంటే ఆమె అన్నయ్య, తనకు అభ్యంతరం లేదని రాసి ఇచ్చాడు. తల్లిదండ్రులిద్దరూ బతికి ఉండి కలిసి ఉన్నప్పుడు ఇద్దరూ కలిసే దరఖాస్తు చేయాలి. మరణం, విడాకులు, వదిలి వెళ్లటం వంటి పరిస్థితుల్లో ఒక్కరే చేయవచ్చు. సంరక్షకులుగా ఉండేవారు భారత పౌరులై ఉండాలి, నేరం రుజువైనవారు కాకూడదు, దివాలా తీసినవారు కాకూడదు, తామే ఇతరుల మీద ఆధారపడి బతికేవారు కాకూడదు. సంరక్షణలో ఉండేది స్త్రీ అయినప్పుడు పురుషుడొక్కడినే సంరక్షకుడిగా నియమించకుండా, అతని భార్యను ప్రధాన సహ సంరక్షకురాలిగా చేర్చాలన్న నియమం ఒకటుంది. ఆడపిల్లల భద్రతను దృష్టిలో పెట్టుకుని ఎవరో బాగా ఆలోచించి రాసిన నియమం అది. రేపు మా అబ్బాయి చెల్లెలి బాధ్యత తీసుకోవలసి వచ్చినప్పుడు అతని భార్య కూడా చట్టం దృష్టిలో సమానంగా, నిజానికి మొదటి స్థానంలో, బాధ్యురాలవుతుంది. అందుకే అతని పెళ్లి మాటలు జరిగే రోజున ఈ సంగతిని దాచకుండా చెప్పాలని ఇంట్లో అందరం అనుకున్నాము.

దరఖాస్తు అందిన ఆరు వారాలకు, కమిటీలో సభ్యత్వం ఉన్న స్వచ్ఛంద సంస్థ తరఫున ఒక సామాజిక కార్యకర్త మా ఇంటికి వచ్చారు. వస్తున్నట్టు ముందుగానే ఫోన్ చేశారు కాబట్టి నేను ఇల్లంతా సర్ది, కాగితాల ఫైలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆమె ఫైలు తెరవలేదు. మా అమ్మాయి గది చూడవచ్చా అని అడిగారు, అదీ నన్ను కాదు, మా అమ్మాయిని అడిగారు. మా అమ్మాయి కొత్తవాళ్లతో త్వరగా మాట్లాడదు. ఆమె మాటలు బయటివాళ్లకు సరిగా అర్థం కావు కూడా, అందుకని పక్కన నిలబడి ప్రతి మాటకూ అర్థం చెప్పడం నాకు అలవాటైపోయింది. కాసేపటికి ఆ కార్యకర్త, మీరు కాసేపు అవతల కూర్చుంటారా, నాకు అర్థం కానప్పుడు పిలుస్తాను అన్నారు. నేను వంటగదిలోకి వెళ్లి నిలబడ్డాను. నలభై నిమిషాలు పిలవలేదు. ఆ నలభై నిమిషాల్లో లోపలి నుంచి బొమ్మల పుస్తకం తిప్పిన చప్పుడు, రెండుసార్లు నవ్వు, ఒకసారి కోపంగా వద్దు అన్న మాట వినిపించాయి. నేను లేకుండా మా అమ్మాయి ఒక కొత్త మనిషితో అంతసేపు మాట్లాడగలదని నాకు తెలియదు.

తిరిగి వచ్చాక ఆమె మమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడిగారు. అమ్మాయి ఖర్చులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, మీ ఇద్దరికీ ఆరోగ్యం ఎలా ఉంది, ఆమెను ఒంటరిగా ఎవరి దగ్గరైనా వదులుతారా, బంధువుల్లో ఈ నియామకానికి వ్యతిరేకులెవరైనా ఉన్నారా. మేము రాసిన కాగితాన్ని చదివి, దీని గురించి అమ్మాయికి చెప్పారా అని అడిగారు. చెప్పలేదు. సంరక్షకత్వం అన్న మాటను ఆమెకు ఎలా చెప్పాలో మాకు తెలియలేదు. ఆ కార్యకర్త చెప్పిన పద్ధతి చాలా సులువైనది. పెద్ద మాటలు వదిలేసి రెండు బొమ్మలు చూపించండి, ఒకదానిలో నోట్ల కట్ట, ఇంకొకదానిలో బట్టలు, ఏది నువ్వు చూసుకుంటావు, ఏది అమ్మ చూసుకోవాలి అని అడగండి, ఒక్కరోజుతో ఆపకుండా వారం రోజులు వేర్వేరు వేళల్లో అడగండి, జవాబు ఒకటే వస్తే అది ఆమె జవాబు. మేము అలాగే చేశాము. డబ్బు విషయంలో జవాబు ఏడు రోజులూ ఒకటే వచ్చింది. డాక్టర్ బొమ్మ చూపించినప్పుడు మాత్రం నాలుగు రోజులు అమ్మ అని, మూడు రోజులు నేను అని చెప్పింది. ఆ మూడు రోజుల జవాబును కూడా మేము రాసిపెట్టుకున్నాము. అప్పటి నుంచి ఆసుపత్రిలో సూది వేసే ముందు ఏ చేతికి వేయాలో ఆమెనే అడుగుతున్నాము.

ఈ కమిటీ కనీసం మూడు నెలలకు ఒకసారి సమావేశం కావాలని చట్టంలో ఉంది. మాకు కేటాయించిన మొదటి సమావేశం వాయిదా పడింది, రెండోది జరిగింది. కలెక్టర్ కార్యాలయంలోని సమావేశ మందిరంలో ఆ రోజు మాతోపాటు మరో నాలుగు కుటుంబాలు ఉన్నాయి. ఒక తండ్రి తన నలభై ఏళ్ల కొడుకును తీసుకొచ్చారు. భార్య ఇటీవలే చనిపోయారని, ఇన్నేళ్లూ ఈ కాగితం అవసరమని తమకెవరూ చెప్పలేదని ఆయన అన్నారు. పక్కన కూర్చున్న ఆ కొడుకు తండ్రి చొక్కా అంచు పట్టుకునే ఉన్నాడు, మమ్మల్ని లోపలికి పిలిచేదాకా వదలలేదు.

లోపల మాతో మాట్లాడింది ఎక్కువసేపు కాదు. కాగితాలు సరిచూశారు, మా ఇద్దరి సమ్మతి మళ్లీ అడిగారు. తరువాత కలెక్టర్ గారు మా అమ్మాయి వైపు తిరిగి, నీ డబ్బు ఎవరు దాచాలమ్మా అని అడిగారు. ఆమె నా చెయ్యి చూపించింది. నువ్వు ఎక్కడ ఉంటావు అని అడిగితే జవాబు చెప్పలేదు. ఆయన తొందరపెట్టకుండా ఆగారు. చక్రాల కుర్చీలో ఉన్న కమిటీ సభ్యుడు ఆ ప్రశ్ననే మార్చి, పొద్దున్నే లేచి ఏం చేయాలని ఉంది అని అడిగారు. ఇంట్లో, పొద్దున బస్సు అంది. బస్సు అంటే ఏమిటని ఆయన నన్ను అడిగారు. బడి ముగిశాక ఎనిమిది నెలలుగా ఆమె ఇంట్లోనే ఉంటోందని, బడి బస్సు వచ్చే వేళకు ఇప్పటికీ చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడుతోందని చెప్పాను. చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది. ఈ ధ్రువపత్రం వెంట పరుగులు తీస్తూ, ఆమె రోజూ గేటు దగ్గర నిలబడి అడుగుతున్నదాన్ని మేము వాయిదా వేస్తూ వచ్చాము. పగటిపూట శిక్షణ కేంద్రంలో చేర్పించటానికి సంరక్షకులు ప్రయత్నించాలని కమిటీ మాతో చెప్పింది, అది బాధ్యతల్లో రాయించారు కూడా.

సంరక్షకత్వ ధ్రువపత్రం చేతికి వచ్చేసరికి మేము దరఖాస్తు పెట్టి ఐదు నెలలు దాటింది. దానితో బ్యాంకుకు వెళితే ఇది కోర్టు ఉత్తర్వు కాదు కదా అన్నారు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక స్థాయి కమిటీ ఇచ్చే సంరక్షకత్వ ధ్రువపత్రం ఆధారంగా ఖాతాలు తెరవవచ్చని, నడపవచ్చని రిజర్వ్ బ్యాంకు 2007లోనే బ్యాంకులకు తెలియజేసింది. ఆ సూచన ప్రతిని మేము ముందే తీసి ఉంచుకున్నాము. చూపించాక, పై కార్యాలయానికి పంపి, పది రోజుల్లో పని పూర్తి చేశారు. ఇదే దారిలో వెళ్లబోయేవారు ఆ ప్రతిని ఫైలులో పైనే పెట్టుకోవాలని నా సలహా. ఆ శాఖలో అంతకుముందు ఇలాంటి ఖాతా ఎవరూ చూడలేదట. మన ఫైలే వారికి మొదటి పాఠం అవుతుంది.

ఈ ధ్రువపత్రం ఏమి చేయదో కూడా చెప్పాలి, ఎందుకంటే మా బంధువుల్లో చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు. ఇక ఆమెకు ఓటు ఉండదు కదా అని ఒకరు అడిగారు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ ప్రకారం, సమర్థ న్యాయస్థానం మతిస్థిమితం లేదని ప్రకటించిన వ్యక్తికే ఓటరుగా నమోదయ్యే అర్హత పోతుంది. సంరక్షకులు ఉండటం, మేధో వైకల్య ధ్రువపత్రం ఉండటం ఆ ప్రకటన కాదు. ఆ మాట విన్న వారంలోనే ఫారం 6 నింపి ఆమెను ఓటరుగా నమోదు చేయించాము. ఓటు వేసే యంత్రం దగ్గర తనంతట తాను వేయలేని ఓటరుకు 18 ఏళ్లు నిండిన ఒక తోడును అనుమతిస్తారు, ఆ తోడు వెళ్లిన వ్యక్తి ఓటు రహస్యంగా ఉంచుతానని రాసివ్వాలి, ఆ రోజు మరెవరికీ తోడుగా ఉండకూడదు. ఆమెకు గుర్తులు గుర్తుపట్టటం నేర్పుతున్నాము. తోడు అవసరం లేకుండానే వేస్తుందేమోనన్న ఆశ నాకుంది.

పగటి కేంద్రం విషయంలో అదృష్టవశాత్తు తొందరగానే చోటు దొరికింది. అంతకుముందు సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్యుల సంస్థకు వెళ్లి ఆమెకు ఏ పని సరిపోతుందో అంచనా వేయించాము. 1984లో మొదలైన ఈ సంస్థ పాత పేరు ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. మా ప్రాంతపు తల్లిదండ్రులు చాలామంది దాన్ని ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు. కాగితపు పని, ప్యాకింగ్ పని ఆమెకు నప్పుతాయని, ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి ఎలా నేర్పాలో మాకు చేసి చూపించారు. ఇప్పుడు ఆమె వారానికి ఐదు రోజులు వెళుతోంది. బస్సులోనే.

మిగిలిన వనరుల్లో మేము ఆలస్యంగా తెలుసుకున్నవి రెండు. నిరామయ అనే ఆరోగ్య బీమా పథకాన్ని కూడా నేషనల్ ట్రస్టే నడుపుతోంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. ముందస్తు వైద్య పరీక్షలు అడగరు, వయోపరిమితి లేదు, ఆసుపత్రిలో చేరితేనే కాకుండా బయటి రోగిగా చూపించుకున్నప్పుడూ, థెరపీలకూ కొంత మొత్తం వరకు వస్తుంది. పుట్టుకతోనే గుండె సమస్య ఉందని మామూలు బీమా సంస్థలు వెనక్కి పంపిన మా అమ్మాయికి ఇది చిన్నప్పుడే చేయించి ఉండవలసింది. రెండోది కుటుంబ పింఛను. మా వారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. తన సంపాదనతో బతకలేని స్థాయి వైకల్యం ఉన్న కొడుక్కి గానీ కూతురికి గానీ తల్లిదండ్రుల తరువాత జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. ఉద్యోగి బతికి ఉండగానే బిడ్డ పేరును పింఛను పత్రాల్లో చేర్పించవచ్చు. మేము లేని రోజున వైద్య బోర్డు చుట్టూ, కార్యాలయాల చుట్టూ మా అబ్బాయి తిరగనక్కరలేకుండా, ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాము.

మా తరువాత ఎవరు అన్నది ఇంకా పూర్తిగా తేలని విషయం. ఇప్పటి ధ్రువపత్రం మా ఇద్దరి పేరున ఉంది, మా తరువాత దానంతటదే అబ్బాయికి బదిలీ కాదు. అతను గానీ మరో బంధువు గానీ మళ్లీ కమిటీకి దరఖాస్తు చేయాలి. వీలునామాలో మా కోరికను రాశాము. ఆమె వాటాను నేరుగా ఆమె పేరున కాక, 1882 నాటి ట్రస్టుల చట్టం కింద ఒక ప్రైవేటు ట్రస్టుకు రాసి, ఆమె జీవితకాలం ఆమె అవసరాలకే వాడాలన్న షరతు పెట్టే ఆలోచన ఉంది, దాని మీద న్యాయవాదితో ఇంకా మాట్లాడుతున్నాము. సంరక్షకులు నిర్లక్ష్యం చేసినా, హింసించినా, ఆస్తిని దుర్వినియోగం చేసినా వారిని తొలగించమని బంధువులు గానీ నమోదిత సంస్థ గానీ కమిటీకి దరఖాస్తు చేయవచ్చని 17వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్‌ను మా అబ్బాయికి చదివి వినిపించాము. అనుమానించి కాదు, రేపు మా విషయంలోనైనా అతను దాన్ని వాడగలగాలని. వయసు మీద పడి, ఆమె డబ్బును సరిగా చూడలేని స్థితి మాకే వచ్చినప్పుడు, అమ్మానాన్నలు కదా అని అతను మొహమాటపడకూడదు.

నియామకం జరిగిన ఆరు నెలల్లోగా ఆమె ఆస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఆ తరువాత ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో, అంటే జూన్ నెలాఖరులోగా, లెక్కలు సమర్పించాలి. మొదటి ఏడాది లెక్కలు గత నెలలో ఇచ్చాము. డిపాజిట్ మీద వచ్చిన వడ్డీ, శిక్షణ కేంద్రానికి కట్టిన రుసుము, మందులు, బట్టలు, కళ్లజోడు. నేను రసీదులు తేదీల వారీగా పేర్చుతుంటే మా అమ్మాయి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ కవరులో పెట్టి అంటించింది. కేంద్రంలో ఆమె చేసేది అదే పని కాబట్టి నా కంటే శుభ్రంగా అంటించింది. కవరు మీద నేను సంతకం చేసిన తరువాత, దాని కింద, ఈ ఏడాదంతా నేర్చుకున్న తన పేరు మొదటి అక్షరం రాసింది. కార్యాలయంలో గుమాస్తా ఆ అక్షరం ఏమిటని అడిగితే, లెక్కలు ఎవరివో వారి సంతకం అని చెప్పాను.